మడుగుకి నడిచిన బిందెలు

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి పక్కన ఒక మడుగు. ఆ మడుగులో బొండక్క అనే లావుపాటి కప్ప ఉండేదిరా బిడ్డా. ఆమెకి మూడువందలమంది పిల్లలు. అందరికీ తోకలే, కాళ్ళు ఇంకా మొలవలేదు. కాళ్ళొచ్చేదాకా నీళ్ళుండాలి, లేకపోతే ఎండి చచ్చిపోతారు.

అది సర్కారు కాపాడే మడుగు. చుట్టూ ముళ్ళకంచె, కావలికి ఎల్లేశం. చేపను పట్టకూడదు, కప్పను కంచె దాటించకూడదు. అన్నీ రాశారు గానీ, దొంగ కిందనుంచి వస్తాడని ఏ మొనగాడూ రాయలేదు.

కంచె అవతల రాజలింగానికి చెరుకుతోట. ముందు రెండువందల అడుగుల బోరు వేశాడు. మడుగు నీళ్ళు గట్టు దిగాయి. ఆ తర్వాత నాలుగువందలది వేశాడు. మడుగు సగమైంది. ఆ తర్వాత ఆరువందలది. అప్పుడు మడుగు పెళ్ళివంట గంగాళమంత మిగిలింది. పిల్లలు ఒకరి నెత్తిన ఒకరు.

ఆ ఏడు వాన పడలేదు. వాన పడకపోతే అక్కడ కప్పతల్లి ఆట ఆడతారు. రోకలికి వేపరెమ్మలు చుట్టి, మధ్యలో కప్పను కట్టి, ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ దానిమీద బిందెడు నీళ్ళు పోస్తుంది. రోకలి మోసేది ముసలి సాయవ్వ. ఊరంతా వెతికినా ఒక్క కప్ప దొరకలేదు. అప్పుడు మడుగుకొచ్చి బొండక్కను పట్టుకుంది.

"నేను ఊరేగి వచ్చేసరికి నా పిల్లలు వడియాలవుతారే" అని బొండక్క మొత్తుకుంది. సాయవ్వకి బెకబెకమనే వినబడింది.

ఎల్లేశం కర్ర అడ్డం పెట్టాడు. "అవ్వా, కప్ప కంచె దాటొద్దు."

"వానకోసంరా."

"దేనికోసమైనా సరే. నా కొలువు పోతది."

సాయవ్వ బొండక్కను మడుగు ఒడ్డునే దింపింది. "కప్ప ఇళ్ళకి రావద్దంటే, ఇళ్ళే కప్ప దగ్గరికొస్తాయి పో."

అప్పుడు ఊరి బిందెలన్నీ మడుగుకి నడిచాయి. బొండక్క మీద పోసిన నీళ్ళన్నీ జారి పిల్లల మీద పడ్డాయి. మర్నాడు చూస్తే పోసిన నీళ్ళు లేవు. మళ్ళీ పోశారు. మళ్ళీ లేవు. మూడోనాడు పోసి, సాయవ్వ అక్కడే కూర్చుంది. అవతల మోటారు బుర్రుమంటే ఇవతల నీళ్ళు దిగాయి. మోటారు ఆగితే నీళ్ళూ ఆగాయి.

సాయవ్వ లేచి, కంచె మీదుగా కేకేసింది. "ఒరే రాజలింగం, మేం పైన పోస్తుంటే నువ్వు కింద తాగుతున్నావా? నువ్వే కప్పతల్లివని ముందే చెబితే నిన్నే కట్టేవాళ్ళం కదరా."

"నా పొలంలో నా బోరు, అవ్వా."

"బోరు నీదే. కింద నీళ్ళకి కంచె వేసుకున్నావా? ఏమర్రా, ఇంకొన్ని వేపరెమ్మలు తెండి. లావుపాటి తాడు కూడా."

ఆడవాళ్ళు నిజంగానే తెచ్చారు. రాజలింగం రోకలిని చూశాడు, తన బొజ్జను చూసుకున్నాడు. ఆ తర్వాత పెద్ద బోర్లు రెండూ ఆపేసి, చిన్నదాన్ని రోజుకి గంటే నడిపాడు. చెరుకు తీసేసి జొన్న వేశాడు. వానంటావా, అది దానికి తోచినప్పుడు వచ్చింది.

ఆ వానకి ముందే, బోర్లు ఆగిన పదకొండోనాడు, మడుగులో ఒక పిల్ల ఏడ్చింది. "అమ్మా, వీడు నన్ను తన్నాడు."

బొండక్క ఆనందం పట్టలేక బెకబెకమంది. తన్నాలంటే కాళ్ళుండాలి కదరా.

కథ పోయింది కంచికి,
నీళ్ళు చేరాయి మడుగుకి,
నువ్వూ నేనూ నిద్రకి.