ఇరవై నిమిషాలు

కడలి లోతుకు దిగే డైవర్ల కోసం గాలి పాళ్లు కలపడం నేర్పే మైలపల్లి ఎల్లాజీకి ఒక నియమం ఉండేది. కలిపినవాళ్లే ముందు పీల్చాలి. వండినవాళ్లు ఉప్పు చూడరూ, అలాగన్నమాట.

శిష్యురాలు వనజాక్షికి ఈ నియమం గిట్టేది కాదు. లెక్కలో దిట్ట, నోటికి మరీ దిట్ట. అడుగున ఒంట్లోకి ఇంకిన గాలి మెల్లమెల్లగా వదలకపోతే గోళీసోడాలా పొంగి, మోకాళ్లు పట్టేసి మనిషిని పడగొడుతుందనీ, అందుకే పైకి వచ్చేటప్పుడు మజిలీ మజిలీకీ ఆగాలనీ ఆమెకు తెలియనిది కాదు. కానీ కొత్తగా గాలిలో కలిపే హీలియం పాళ్లు మార్చింది, ఆ ధీమాతో లెక్కలోంచి ఒక మజిలీని మొత్తంగా కొట్టేసింది. ఇరవై నిమిషాల మజిలీ. మర్నాడు ఆ లెక్క ప్రకారం డైవరు తాతారావు దిగాలి.

"గాలి కొలిచే మిషను సరేనంది, కాగితం సరేనంది. ఇంక నేను పీల్చి ఉద్ధరించేదేమిటి గురువుగారూ?" అని నిలదీసింది.

ఎల్లాజీ సముద్రపు ఒత్తిడిని ఒడ్డునే పుట్టించే ఇనుప గది తలుపు తీసి పట్టుకున్నాడు.

వనజాక్షి లోపలికెళ్లి తను కలిపిన గాలి పీల్చసాగింది. ఒత్తిడి పెరిగింది. తిట్టబోయిన వనజాక్షి గొంతు హీలియానికి బాతుపిల్ల గొంతయిపోయింది. బయట స్పీకరు దగ్గర తాతారావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మగోరూ, ఇంకోపాలి తిట్టండమ్మా!" ఆమెకూ నవ్వు ఆగలేదు. కోరలు పీకిన కోపం ఎంతసేపని నిలుస్తుంది?

ఒత్తిడి దించుతూ దించుతూ కొట్టేసిన మజిలీ దగ్గరికొచ్చారు. ఎల్లాజీ బయట వాల్వు మీద చెయ్యి వేశాడు.

"నీ లెక్కలో ఇక్కడ ఆగక్కర్లేదు. తిప్పీమంటావేటమ్మా?"

వనజాక్షి తన మోకాళ్లకేసి చూసుకుంది. నొప్పి లేదు. లెక్కలోనూ తప్పు కనిపించలేదు. అయితేనేం, కాగితానికి మోకాళ్లుండవు.

"ఉండండుండండి!" అంది బాతు గొంతుతో. "తరుముకొచ్చే పనులేమున్నాయని? కాసేపు కూర్చుంటాను."

"ఎంతసేపేటి?"

"ఇరవై నిమిషాలు."

బయట నవ్వులు గుప్పుమన్నాయి. ఆ ఇరవై నిమిషాలూ తాతారావు ఆమెచేత పాటలు పాడించాడు. యార్డంతా పనులు మాని వచ్చి విన్నది.

వనజాక్షి నిక్షేపంగా బయటికొచ్చింది. ఆకలి దంచేస్తోంది. ఎల్లాజీ టీగ్లాసు చేతికిచ్చాడు.

"పాళ్లు బాగా కుదిరాయమ్మా," అన్నాడు. "ఆ ఇరవై నిమిషాలు రేపు తాతారావుకి కూడా వడ్డించు."