తెరచాప దించిన మాట

సంగాడి ధర్మరాజు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు వల అందుకుంటారు. కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరుకి కూతవేటు దూరంలో ఉన్న ఆయన రెండు గదుల ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఒక చిరిగిన వల పడి ఉంటుంది. ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషికి వలతో పనేమిటని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాత శిష్యులకి మాత్రం లెక్క తెలుసు. చిన్న ప్రశ్నకి మూడు నాలుగు ముళ్ళు వేసి జవాబు చెబుతారు, పెద్ద ప్రశ్నకి ఇరవై దాకా పడతాయి. ఆషాఢం వెళ్ళబోతున్న ఒక మబ్బు మధ్యాహ్నం నూకరత్నం అడిగిన ప్రశ్నకి ఆయన నలభై ఒక్క ముళ్ళు వేశారు. ఆమె లెక్కపెడుతూనే ఉంది.

నూకరత్నం ఆయన దగ్గర పదో తరగతి దాకా చదివింది. ఎవరూ అడగకుండానే, ఎవరూ జీతం ఇవ్వకుండానే, బడి పిల్లల కోసం ఇంగ్లీషు తెలుగు నిఘంటువు ఒకటి మొదలుపెట్టింది. ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు. నాలుగేళ్ళలో పదకొండు వేల కార్డులయ్యాయి. ఊళ్ళో ఒక ట్రస్టు మూడు వేల కాపీలు అచ్చువేసి బడులకి ఉచితంగా పంచుతామని ముందుకొచ్చింది. శుక్రవారం ప్రెస్సుకి వెళ్ళాలి. మంగళవారం నాడు ట్రస్టు అధ్యక్షుడు పద్మనాభం గారు ఒకే ఒక్క పేజీ వెనక్కి పంపారు. అందులో ‘స్ట్రైక్’ అనే మాట దగ్గర ఆమె రాసిన అర్థం మీద ఎర్ర పెన్సిలుతో గీత కొట్టి, పక్కన తన చేత్తో రాశారు: “పని ఎగ్గొట్టడం.” పోయిన ఏడాది ఆయన రైసుమిల్లులో హమాలీలు పదిహేడు రోజులు బస్తా ఎత్తలేదు. ఎర్ర పెన్సిలుకి అదే కారణమని ఊళ్ళో అందరికీ తెలుసు.

రత్నం ఆ పేజీనీ, ఆ మాట తాలూకు కార్డులున్న బిస్కట్ల డబ్బానీ పట్టుకుని మాస్టారి అరుగెక్కింది.

“ముప్పై ఎనిమిది అర్థాలండి దీనికి,” అంది, కూర్చోకముందే. “గంట మోగడం అదే మాట. అగ్గిపుల్ల గీయడం అదే. నాటిన కొమ్మ వేరు పట్టడం, కుంచం మీద కర్ర రాసి గింజలు చదును చేయడం, డేరా పీకడం, జాబితాలోంచి పేరు తీసేయడం, అన్నీ అదే మాటండి. అన్నిటికన్నా పాత అర్థం ఏంటో తెలుసాండి? చేత్తో మెల్లగా నిమరడం!”

“ఊఁ,” అన్నారు మాస్టారు.

“నిమరడం నుంచి కొట్టడానికి ఎలా వచ్చిందో తెలుస్తూనే ఉందండి. చెయ్యి అదే, బరువు పెరిగింది. కొట్టడం నుంచి పని ఆపడానికి ఎలా వచ్చింది? నాకు దారి దొరకలేదు. నేను ‘న్యాయం కోసం పని నిలపడం’ అని రాశాను. దానికి రుజువేంటమ్మా, మాట పుట్టుకలో న్యాయం ఎక్కడుంది చూపించు అంటున్నారు పద్మనాభం గారు. చూపించలేకపోయాను. ఆయన రాసిందే ఉంచెయ్యనా మాస్టారూ? ఒక్క మాట కోసం పదకొండు వేల కార్డులు అటకెక్కించనా?”

అప్పుడు పడ్డాయి ఆ నలభై ఒక్క ముళ్ళు. చివరి ముడి బిగించి, సూది పళ్ళ మధ్య పెట్టుకుని దారం తెంపి, మాస్టారు మొదలుపెట్టారు.

“నాకు ఇరవై రెండేళ్ళప్పటి సంగతమ్మాయ్. అప్పటికి నేనింకా బడిపంతుల్ని కాలేదు. మా నాన్న పోలయ్య సరుకు పడవకి తండేలు. అంటే పడవ నడిపే పెద్ద అన్నమాట. నేను అదే పడవలో తాళ్ళు లాగే కళాసీని. పెద్ద ఓడలు మన ఒడ్డుకి రాలేవు కదా, ఐదు మైళ్ళ అవతల లంగరు దించుకుని ఉండేవి. కాలవలోంచి మా పడవలు తెరచాప ఎత్తుకుని వెళ్ళి వాటికి సరుకు అందించి వచ్చేవి. నలభై మూడు పడవలు. ప్రతి పడవ పక్కనా ఒక తెల్ల గీత ఉండేది. సరుకు వేస్తుంటే పడవ దిగుతుంది. గీత నీళ్ళని తాకగానే వేయడం ఆపాలి. ఆ గీత ఎవరు ఎప్పుడు గీశారో మాకు తెలీదు. మా తాతల నాటికే ఉంది.

“పడవల కంపెనీకి కొత్తగా ఒక ఏజెంటు వచ్చాడు. చదువుకున్నవాడు, తెల్లచొక్కా నలగనివ్వడు. వచ్చిన రెండో నెల ఒక పడవ గీత గీకించేసి, బెత్తెడు పైన కొత్త గీత వేయించాడు.”

“బెత్తెడంటే నాలుగంగుళాలు,” అంది రత్నం. “పడవెంత మోసేదండి?”

“ముప్పై ఆరు టన్నులు. గీత ఎత్తాక నలభై రెండు.”

రత్నం కనురెప్ప వేసేలోపు లెక్క కట్టేసింది. “ఏడు తడవల సరుకు ఆరు తడవల్లో ఐపోతుంది.”

“ఏజెంటూ నీలాగే చురుకైనవాడు. సరిగ్గా ఆ లెక్కే వేశాడు.” మాస్టారు కొంచెం నవ్వారు. “లెక్కలో తప్పు లేదు. ఆ పడవ మూడో తడవకి మునిగింది. ఐదుగురు వెళ్తే ఇద్దరు ఈదుకొచ్చారు. ఏజెంటు గాలి మీద నెపం పెట్టాడు. తరవాతి సోమవారం తెల్లవారుతుండగానే రంగు డబ్బాలు పట్టుకుని ముగ్గురు మనుషులు రేవులోకి దిగారు. పొద్దెక్కేసరికి నలభై రెండు పడవలకీ గీత బెత్తెడు పైకెక్కింది.”

“మునిగింది పోను,” అంది రత్నం, గొంతు తగ్గించి.

“మునిగింది పోను. అప్పటికే తెరచాపలు ఎత్తి ఉన్నాయి. ఒడ్డు గాలి మంచి ఊపు మీదుంది. అలాంటి గాలి వదులుకోవడం మా వాళ్ళకి కడుపు మీద తన్నినట్టుంటుంది. మా నాన్న పడవ పక్కకి వంగి, తడి ఆరని ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు. వేలుకి తెల్లరంగు అంటుకుంది. లుంగీకి తుడుచుకుని లేచి, తెరచాప కొయ్య దగ్గరికి వెళ్ళి, తాడు విప్పి వదిలేశాడు. తెరచాప కప్పీలోంచి గరగరా జారి దబ్బున పడింది. పక్క పడవ తండేలు ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. తనదీ వదిలేశాడు. నువ్వు వంద లెక్కపెట్టేలోపు రేవులో ఒక్క తెరచాప నిలబడి లేదు. నలభై రెండు బోడి కొయ్యలు.

“ఏజెంటు పరిగెత్తుకొచ్చాడు. ‘ఏంటిది పోలయ్యా! గాలి ఇంత బాగుంటే!’ అన్నాడు.

“‘గాలి బాగుంది బాబూ, గీతే బాగోలేదు,’ అన్నాడు మా నాన్న.

“‘గీత సంగతి నీకెందుకు? గీసేది మేము, నడిపేది మీరు.’

“‘అలాగే బాబూ. గీత ఓ బెత్తెడు ఎత్తారు కదా, సముద్రాన్ని కూడా ఓ బెత్తెడు దించేయండి. ఎళ్ళిపోతాం.’

“రేవంతా గొల్లున నవ్వింది. నవ్వినందుకే ఏజెంటుకి ఎక్కువ మండింది. పోలీసుల్ని పిలిపించాడు. స్ట్రైక్, స్ట్రైక్ అని అరిచాడు. మాలో చాలామందికి ఆ మాట తెలీదు. ఇన్‌స్పెక్టరు కొట్లాట అనుకుని దిగి, ‘ఎవడ్రా చెయ్యి చేసుకుంది?’ అన్నాడు. ఎవరి ఒంటి మీదా దెబ్బ లేదు. ఒక్క కర్ర విరగలేదు. ‘మరి ఏం చేశారు?’ అని గద్దించాడు. ‘మేం చెయ్యెత్తలేదండి, తెరచాప దించాం అంతే,’ అన్నాడు మా నాన్న. ‘పని మానేశారన్నమాట!’ అన్నాడాయన. ‘మానలేదండీ, దించాం. ఆ గీత దింపించండి, ఇప్పుడే ఎత్తుతాం.’

“పదకొండు రోజులు. పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో చెప్పను. నువ్వు లెక్కపెట్టేస్తావు. ఆ పదకొండు రోజులూ మా నాన్న ఒక పని చేసేవాడు. రోజూ ఎండ రాగానే దించిన తెరచాపని ఇసక మీద పరిచి, మడతలు విప్పి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో నిమురుకుంటూ పోయేవాడు. తడి నిలిస్తే గుడ్డ పుచ్చిపోతుంది. ఆయన్ని చూసి మిగతా వాళ్ళూ పరిచారు. రేవు పొడుగునా నలభై రెండు తెరచాపలు, వాటి మీద వంగి నిమురుతున్న చేతులు. ఏజెంటు అటుగా వస్తూ, ‘ఏరా పోలయ్యా, గేదెని నిమురుతున్నట్టు నిమురుతున్నావు! పాలిస్తుందా?’ అన్నాడు.

“మా నాన్న తల ఎత్తలేదు. ‘పని ఎగ్గొట్టే వోడు తెరచాప ఎండబెట్టుకోడు బాబూ,’ అన్నాడు.”

మాస్టారు ఆగారు. రత్నం ఒళ్ళో ఎర్ర పెన్సిలు పేజీ ఉంది. ఆమె దానికేసే చూస్తోంది.

“గీత దిగిందాండి?” అని అడిగింది.

“పన్నెండో రోజు పొద్దున్న ఆ రంగు డబ్బాల వాళ్ళే వచ్చి గీకేశారు. ఓడలు ఎన్నాళ్ళని ఆగుతాయి? పాత గీత పాత చోటే పడింది. ఆ రేవులో ఆ తరవాత గీత మూలంగా పోయిన ప్రాణం లేదు.”

“మరి నాన్నగారు?”

“తండేళ్ళ జాబితాలోంచి ఆయన పేరు తీసేశారు. ఆ ఒక్క పేరే. నీ కార్డుల్లో ఆ అర్థం కూడా ఉందన్నావు కదూ?”

“ఉందండి,” అంది రత్నం మెల్లగా. “ఇరవై రెండోది.”

“ఆయన మళ్ళీ పడవెక్కలేదు. ఈ అరుగు మీద కూర్చుని వలలు బాగు చేసి నన్ను చదివించాడు. ఈ సూది ఆయనదే.” మాస్టారు సూదిని తిప్పి చూసుకుని వల మీద పెట్టారు. “పుస్తకంలో ముప్పై ఎనిమిదీ వేస్తున్నావా?”

“లేదండి. ఇరవై నాలుగే. పద్నాలుగు పక్కన పెట్టేశాను. మన పిల్లలకి అక్కర్లేనివి.”

“ఆ పద్నాలుగూ తియ్యి.”

డబ్బా అడుగున రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయవి. రత్నం ఒక్కొక్కటీ తిప్పసాగింది. తొమ్మిదో కార్డు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పైన తన చేతిరాతే: ‘ఓడ తెరచాప దించడం.’ మన బడి పిల్లలకి తెరచాపలతో పనేంటిలే అని తానే పక్కన పడేసింది. వెనక్కి తిప్పింది. అక్కడా తన రాతే, నాలుగేళ్ళ కిందట ఒక లావు నిఘంటువులోంచి ఎక్కించి మరిచిపోయినది: ‘లండను రేవులో, రెండున్నర శతాబ్దాల కిందట, ఓడల్లో పనిచేసేవాళ్ళు కూలి పెంచేదాకా కదలమని తెరచాపలు దించేశారు. పని నిలపడమనే అర్థం అక్కడి నుంచి.’

కాలవ మీద మబ్బు నల్లబడి చల్లగాలి కొట్టింది.

“ఇది వేస్తే ఆయన పుస్తకం ఆపేస్తారు మాస్టారూ.”

“ఆపుతాడు.”

“మూడు వేల కాపీలండి.”

“మాకు పదకొండు రోజులు పట్టింది. నీకెన్ని రోజులో నాకు తెలీదు. అందాకా పొయ్యి వెలగకపోవచ్చు.”

రత్నం ఎర్ర గీత పడిన పేజీని మోకాలి మీద పెట్టుకుంది. పద్మనాభం గారి రెండు మాటలూ కనబడకుండా వాటి మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. కింద ఖాళీలో పెన్నుతో రాసింది: ‘అన్యాయం సరిదిద్దేదాకా పని నిలపడం. ఓడ పనివాళ్ళు తెరచాపలు దించి నిలిచిన నాటి నుంచి.’ తరవాత ఫోను తీసి ట్రస్టుకి చేసింది. ఎత్తింది పద్మనాభం గారే. ఆయన గొంతు అరుగు చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేంత పెద్దది.

“ఆ పేజీ మార్చావామ్మా?”

“మార్చానండి. మీరు రాసింది తీసేశాను. రుజువు అడిగారు కదా, దొరికింది, వేశాను.”

“ఏంటి తమాషాగా ఉందా? నేను చెప్పేదాకా ప్రెస్సు కదలదు. తెలిసిందా?”

“తెలిసిందండి. మీరు గీత దించాక కబురు చెయ్యండి, కార్డులు పట్టుకుని వస్తాను.”

“గీతేంటి? ఏ గీత?”

“ఎర్రదండి,” అని ఫోను పెట్టేసింది.

అంతలో పెద్ద పెద్ద చినుకులు నాలుగు అరుగు అంచు మీద పడ్డాయి. రత్నం గబుక్కున డబ్బా ఒళ్ళోకి లాక్కుంది. తొమ్మిదో కార్డు కొస మీద ఒక చుక్క పడి సిరా కొద్దిగా చెదిరింది. పైటకొంగుతో అద్ది, కార్డుని మోకాలి మీద చదునుగా పెట్టి, అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నిమిరింది.

మాస్టారు మళ్ళీ వల అందుకున్నారు. కొత్త ముడికి దారం ఎక్కిస్తూ అన్నారు:

“లోపలికి రా అమ్మాయ్. తెరచాప తడవనివ్వకు.”