పూజ ముగియని కారు

వెదుళ్ళవలస జమీందారు రాఘవభూపతి, తండ్రి పోయిన రోజే ఆయన కారును షెడ్డులో పెట్టించి తాళం వేయించాడు. ఏళ్ళు గడిచాయి. పూజకైతే లోటు లేదు. ఏటా దసరాకి దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ.

ఆ ఏడు పూజయ్యాక పాత డ్రైవరు దాలినాయుడు చేతులు కట్టుకుని అడిగాడు.

"బాబూ, ఇంజను తుప్పు పట్టి బిగుసుకుపోతోంది. ఒక్కసారి స్టార్టు చేస్తాను."

"పూజలో పెట్టిన వస్తువుతో పని చేయిస్తావా? బుద్ధుందా?" అని జమీందారు కసిరాడు.

మర్నాడు ఆయన భోజనానికి కూర్చుంటే విస్తట్లో అన్నం, ఉప్పు, పెరుగు మాత్రమే ఉన్నాయి. కూరేదని కేకలేస్తే వంటావిడ తలుపు చాటుకు తప్పుకుంది. దాలినాయుడు ముందుకొచ్చాడు.

"నేనే వద్దన్నాను బాబూ. నిన్న కత్తిపీటను కూడా పూజలో పెట్టారు కదా."

"ఆ పూజ నిన్నటితోనే అయిపోయింది! ఇవాళ కూర తరగకపోతే ఇక కత్తిపీట ఎందుకు?"

"చిత్తం. మరి కారు పూజ ఎప్పుడవుతుంది బాబూ?"

జమీందారు చేతిలోని ముద్దను విస్తట్లో వదిలేశాడు. ఎడంచేత్తో మొలలోని తాళంచెవి తీసి ఇచ్చాడు.

నాయుడు ప్లగ్గులు విప్పి, ఇంజనులో నూనె పోసి నాననిచ్చాడు. సాయంత్రం కొత్త పెట్రోలు పోసి హ్యాండిల్ తిప్పాడు. కారు దగ్గింది, పొగ కక్కింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఇంజను అందుకుంది.

ఆ చప్పుడు వినగానే జమీందారు, చిన్నప్పుడు తండ్రి కారుకి ఎదురెళ్ళినట్టే, చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. నాయుడి నూనె చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ నేను నాన్నకి దండలే వేశాను నాయుడూ. ఆయన వచ్చిన చప్పుడు నువ్వు వినిపించావు."