నాలుగో వరుసలో నల్లేరు

ఒక విశ్వవిద్యాలయంలో పాత తాటాకు పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే విభాగంలో, ఖాళీ కనిపిస్తే నింపకుండా ఉండలేని కమలాకర్ అనే యువకుడు పనిచేస్తూ ఉండేవాడు. బస్సులో పక్కవాడు పత్రికలోని గళ్ళు నింపుతూ ఆలోచనలో పడితే, అడగకుండానే జవాబు చెప్పేసేవాడు. ఎవరైనా మాట కోసం తడుముకుంటే ఆ మాట తనే అందించేవాడు. అది వాళ్ళు వెతికే మాట కాకపోయినా మొహమాటానికి తలూపేవారు. దాంతో తను చెప్పేది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుందని అతనికి నమ్మకం కుదిరింది.

తెలివికి లోటు లేదు. తెలుగులో ఎం.ఏ. చేశాడు. ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నాడు. పాత రాతను అతనంత వేగంగా చదవగలవాళ్ళు ఆ విభాగంలో మరొకరు లేరు.

ఆ విభాగంలో పనికి ఒక పద్ధతి ఉండేది. ముందు ప్రతి ఆకుకూ ఫోటో తీసేవారు. తర్వాత ఒకే ఆకును ఇద్దరు వేరువేరుగా టైపు చేసేవారు. ఒకరిది ఒకరు చూడకూడదు. కంప్యూటరు రెండింటినీ పోల్చి, తేడా ఉన్న చోట పసుపు రంగు వేసి చూపించేది. అప్పుడు ఇద్దరూ కలిసి పై అంతస్తుకు వెళ్ళి, అసలు ఆకును భూతద్దంతో చూసి, ఇద్దరికీ కనిపించిందే ఉంచాలి. చదవలేని చోట ఎన్ని అక్షరాలు పోయాయో అన్ని చుక్కలు పెట్టాలి. విభాగం అధిపతి ప్రొఫెసర్ తాయారు కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదటి రోజే ఈ సంగతి చెప్పేది.

"చుక్క పెట్టడానికి సిగ్గుపడకండి. చుక్క కూడా సమాచారమే," అనేది.

కమలాకర్‌కు మాత్రం ఆ చుక్కలు కంట్లో నలుసుల్లా ఉండేవి.

అతనితో జంటగా టైపు చేయడానికి ఎస్తేరు అనే అమ్మాయి వచ్చింది. నెమ్మదిగా చదివేది. తెలియనిది తెలియదనేది. పాత అక్షరాలు గుర్తుపట్టడం ఆమెకు కమలాకరే నేర్పాడు. అందుకని ఆమెకు అతనంటే గౌరవం, కొంచెం భయం కూడా.

వాళ్ళిద్దరికీ ఒకసారి పశువుల వైద్యం పుస్తకం వచ్చింది. రాసినవాడి పేరు లేదు. ఆకుకు రెండు వైపులా ఏడేసి వరుసలు. కడుపుబ్బరానికి ఏం పోయాలి, జబ్బవాపుకు ఏం కట్టాలి, అన్నీ మందు దినుసుల జాబితాలే. రెండో రోజుకే తెర మీద పసుపు మచ్చలు మొదలయ్యాయి.

"అన్నా, ఇక్కడ నేను మూడు చుక్కలు పెట్టాను. మీరు నల్లేరు అని కొట్టారు," అంది ఎస్తేరు.

"నల్లేరే అది. మొదటి ఆకు మొదటి వరుసలోనే నల్లేరు అని స్పష్టంగా ఉంది కదా. ఒకే వైద్యుడు, ఒకే రకం మందులు. ఇక్కడ మాత్రం ఇంకేం వేస్తాడు?"

"ఆకులో చిల్లి ఉన్నట్టుందన్నా. పైకి వెళ్ళి ఒకసారి చూద్దామా?"

"పొద్దున చూశాను. చిల్లి అంచున అక్షరాల తోకలు కనిపిస్తున్నాయి. నీ కళ్ళద్దాలు మార్పించుకో."

అతను పైకి వెళ్ళనే లేదు. తాటాకుల కట్ట తెప్పించాలంటే రిజిస్టరులో సంతకం పెట్టాలి, తాళం తీసేవాళ్ళ కోసం కూర్చోవాలి. అతనికి అంత ఓపిక లేదు. ఎస్తేరు కాసేపు ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది. ఆమెకు ఏమీ కనబడలేదు. కనబడకపోవడం తన లోపమే అనుకుంది. చుక్కలు చెరిపేసి నల్లేరు అని మార్చింది. తర్వాతి ఆకులో మళ్ళీ అదే మచ్చ వచ్చింది. ఆ తర్వాతి ఆకులోనూ వచ్చింది.

"ఇక ప్రతిసారీ అడగొద్దు తల్లీ. నాది మాట, నీది చుక్కలు అయితే మార్చేసి ముందుకు నడువు," అన్నాడు కమలాకర్.

ఆమె అలాగే చేసింది. రెండేళ్ళు గడిచాయి. ఎనిమిది వందల ఆకులు పూర్తయ్యాయి. ప్రాజెక్టు గడువు ముగియడానికి నెల ఉందనగా విభాగంలో ఒక ఫెలోషిప్ ప్రకటన వచ్చింది. ఉన్నది ఒక్కటే. వచ్చినవాళ్ళు నాలుగేళ్ళు నిశ్చింతగా పరిశోధన చేసుకోవచ్చు, డాక్టరేటూ వస్తుంది. రానివాళ్ళు నెలాఖరుకు ఇంటికి వెళ్ళాలి. ఎస్తేరుకు వయసు పరిమితి ప్రకారం అదే ఆఖరి అవకాశం. కమలాకర్ సంగతి వేరు. అతను అప్పటికే ఆ ఫెలోషిప్ తనదే అన్నట్టు తిరుగుతున్నాడు. పోటీ కాబట్టి ఒకరి పరిశోధన అంశం ఒకరికి చెప్పుకోలేదు.

ఆ విభాగంలో ఇంటర్వ్యూ తలుపులు వేసుకుని జరిగేది కాదు. అభ్యర్థులు అందరి ముందూ నిలబడి తమ అంశం వివరించాలి. బయటి నుంచి వచ్చిన నిపుణుడు ప్రశ్నలు వేస్తాడు. ఆ ఏడు వచ్చినాయన విరూపాక్షయ్య. నలభై ఏళ్ళుగా తాటాకులు చదువుతున్న మనిషి. కంప్యూటరు జోలికి పోయేవాడు కాదు.

ముందు కమలాకర్ మాట్లాడాడు. బాగా మాట్లాడాడు.

"నా చేతి మీదుగా వెళ్ళిన ఎనిమిది వందల ఆకుల్లో చుక్కలు పెట్టవలసి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు," అని ముగించాడు. చప్పట్లు కొట్టారు. విరూపాక్షయ్య మాత్రం కనుబొమలు ఎత్తి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

తర్వాత ఎస్తేరు లేచింది. 

"మన పశువైద్య గ్రంథంలో ఒక వింత దొరికిందండి," అంది. "మొదటి తొమ్మిది ఆకుల్లో, ప్రతి ఆకుకూ రెండు వైపులా, నల్లేరు అనే మాట వస్తోంది. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. మొదటి ఆకు మొదటి వరుసలో ఒకసారి తప్ప, ప్రతిసారీ నాలుగో వరుసలో, ఒకే చోట. అలా పద్దెనిమిది సార్లు."

తెర మీద బొమ్మ వేసింది. పద్దెనిమిది ఎర్ర చుక్కలు దారం పట్టి గీసినట్టు ఒకే గీతలో ఉన్నాయి.

"ఇది యాదృచ్ఛికం కాదు. వైద్యుడు గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ప్రతి పుట నడుమ ముఖ్యమైన దినుసును నిలిపే పద్ధతి ఒకటి ఉండేదని నా ఊహ. ఈ పద్ధతి ఇంకెన్ని పుస్తకాల్లో ఉందో కంప్యూటరుతో వెతకాలన్నదే నా పరిశోధన." ఆమె కమలాకర్ వైపు తిరిగింది. "నిజానికి ఈ మాటలు నాకు కనబడనే లేదు. పద్దెనిమిదీ కమలాకరన్న చదివి చెప్పినవే. ఆయన చూడగలిగారు కాబట్టే ఇది దొరికింది."

పోటీలో ఉన్నవాడికి కృతజ్ఞత చెప్పినందుకు హాల్లో ఒకరిద్దరు మెచ్చుకోలుగా చూశారు. కమలాకర్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ ఎర్ర చుక్కలు అతని వైపే చూస్తున్నట్టు అనిపించింది.

విరూపాక్షయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, మీ వైద్యుడికి నాలుగో వరుస అంటే అంత ప్రేమ దేనికంటావ్?"

హాల్లో నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది. "అదే కనుక్కోవాలండి."

"కనుక్కుందాం. ఆ కట్ట ఒకసారి తెప్పిస్తారా, తాయారు గారూ?"

కట్ట వచ్చింది. ఆయన తాడు విప్పి, మొదటి తొమ్మిది ఆకులూ వేరు చేసి, అంచులు కలిపి పట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి నడిచి ఎండకు ఎత్తి పట్టాడు. తర్వాత ఎస్తేరును పిలిచాడు.

"ఇటు వచ్చి చూడు."

ఆమె చూసింది. తొమ్మిది ఆకుల మధ్య నుంచి, ఏడు వరుసల నడుమ, నాలుగో వరుసలో, శనగబద్దంత వెలుతురు చుక్క ఆమె కంట్లో పడింది.

"నువ్వు కనిపెట్టిన పద్ధతి మనిషిది కాదమ్మాయ్. పురుగుది. ఒక్క పురుగు. మొదటి ఆకులో దూరి తొమ్మిదో ఆకులో బయటికి వెళ్ళింది. దాని దారినే నువ్వు లెక్కపెట్టావు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎస్తేరు కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయింది. మూడు వారాల పని ఆ చిల్లిలోంచి జారిపోయింది.

"ఎవరు టైపు చేశారు ఇది?" అడిగింది తాయారు. అడగవలసిన అవసరం లేకపోయినా అడిగింది. "కమలాకర్, ఆ రోజు ఆకులో ఏముంది?"

నిజం చెప్పడానికి అతనికి దొరికిన అవకాశం అది. అక్కడ కూడా అతనికి ఖాళీ కనిపించింది. దాన్నీ నింపేశాడు.

"అప్పుడు అక్షరాలు ఉన్నాయి మేడమ్. ఈ రెండేళ్ళలో పురుగు తొలిచి ఉంటుంది. ఆకులకు పురుగుమందు సరిగ్గా పూయడం లేదని నేను ముందే అనుకున్నాను."

తాయారు కంప్యూటరు దగ్గరికి నడిచింది. తను ఎన్నిసార్లు చెప్పినా జనం మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. కంప్యూటరు తుది ప్రతితో పాటు ఇద్దరూ మొదట కొట్టినదాన్నీ తేదీతో సహా దాస్తుంది. ఆమె దాన్ని తెర మీదకు తెచ్చింది. ఎస్తేరు మొదటి ప్రతిలో నాలుగో వరుసలో మూడు చుక్కలు ఉన్నాయి. తర్వాత టైపు మొదలుకాకముందు తీసిన ఫోటో తెచ్చింది. అదే చోట నల్లగా, గుండ్రంగా చిల్లి.

విరూపాక్షయ్య ముఖం పాలిపోయింది. నలభై ఏళ్ళలో ఆయన చెదలు చూశాడు, వరద నీళ్ళు చూశాడు, పొయ్యిలోకి పోయిన కట్టలు చూశాడు. ఇలాంటిది చూడలేదు.

"ఇది పశువుకు పోసే మందయ్యా," అన్నాడు మెల్లగా. "అక్కడ వైద్యుడు ఏం రాశాడో మనకు తెలీదు. తెలీదని రాయకుండా నల్లేరని రాశావు. ఎవరైనా నమ్మి పోస్తే?"

కమలాకర్ తల దించుకున్నాడు.

"ఊహించి రాశాను సార్. అక్కడ నల్లేరే ఉంటుందనిపించింది."

"సరే. ఇంకెన్ని చోట్ల అలా అనిపించింది?" అడిగింది తాయారు.

కమలాకర్ ఆలోచించాడు. ఈసారి నిజంగానే ఆలోచించాడు. ఎనిమిది వందల ఆకులు కళ్ళ ముందు తిరిగాయి. ఎక్కడ చదివాడో, ఎక్కడ అనుకున్నాడో విడదీయడం అతని వల్ల కాలేదు. నింపిన ప్రతి మాటా చదివినట్టే గుర్తుంది.

"గుర్తులేదు మేడమ్."

పద్దెనిమిది తప్పులైతే దిద్దుకోవచ్చు. ఎన్ని తప్పులో తెలియని ఎనిమిది వందల ఆకులను ఏం చేస్తారు? ఎస్తేరు మొదట పెట్టిన చుక్కలను బట్టి తేల్చడానికీ లేదు, అక్షరాలు ఉన్నా ఆమెకు చదవరాక పెట్టినవీ వాటిలో కలిసి ఉన్నాయి. నిఘంటువు తయారుచేసేవాళ్ళు అందులోంచి అప్పటికే మాటలు తీసుకున్నారు. పశువైద్య కళాశాల వాళ్ళు ప్రతి పట్టుకెళ్ళారు. తాయారు లేచి వెళ్ళి, అందరూ చూస్తూ ఉండగానే, విభాగం వెబ్‌సైటులోంచి మొత్తం సంపుటాన్ని తీసేసింది. తర్వాత తీసుకున్నవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది.

"నేనే కూర్చుని మళ్ళీ సరిచూస్తాను మేడమ్, ఊరికే చేస్తాను," అన్నాడు కమలాకర్.

"వద్దు. చిల్లి కనబడనివాణ్ణి చిల్లులు వెతకడానికి పంపలేను," అంది ఆమె.

ఎస్తేరును కూడా వాళ్ళు ఊరికే వదల్లేదు.

"నీకు కనబడనిదానికి కనబడిందని ఒప్పుకున్నావు. పైకి ఎక్కి చూడవలసిన పని. ఎక్కలేదు. అది చిన్న తప్పు కాదు," అన్నాడు విరూపాక్షయ్య.

"కాదండి," అంది ఎస్తేరు. ఆమె ఏడవలేదు. తెర మీది ఎర్ర చుక్కల వైపే చూస్తూ ఉంది. "కానీ సార్, ఈ లెక్క పురుగును పట్టుకుంది కదండీ. మీరు కట్ట తెప్పించకముందే పట్టుకుంది. నాకే తెలియలేదు. ఒకే మాట పై ఆకుల్లో, కింది ఆకుల్లో ఒకే చోట నిలబడి ఉంటే, అది రాసిన మాట కాదు, నింపిన మాట. అలా వెతికితే మిగతావీ దొరుకుతాయేమో."

విరూపాక్షయ్య తాయారు వైపు చూశాడు.

"ఇది కూడా పరిశోధనేనంటారా?"

"నాకు ఇప్పుడు కావలసింది ఇదొక్కటే," అంది తాయారు.

పది రోజుల్లో కొత్త ప్రతిపాదన రాసి తెమ్మన్నారు. తెచ్చింది. ఫెలోషిప్ ఆమెకు ఇచ్చారు.

రెండేళ్ళు పట్టింది. తన లెక్క చూపించిన ప్రతి చోటికీ ఎస్తేరు మెట్లెక్కి వెళ్ళి, భూతద్దంతో ఆకు చూసింది. లెక్కకు అందనివి కూడా ఉంటాయని మిగతా ఆకులన్నీ ఫోటోలతో సరిచూసింది. ఎనిమిది వందల్లో అరవై ఒక్క ఆకుల్లో కమలాకర్ నింపిన మాటలు దొరికాయి. మిగిలిన ఏడు వందల ముప్పై తొమ్మిది ఆకుల్లో అతను చదివింది అక్షరం పొల్లుపోకుండా సరిగ్గా ఉంది. అంత చక్కగా చదివినవాడు ఆ విభాగంలో మళ్ళీ రాలేదు. అయినా ఆ ఆకుల మీద అతని పేరు ఉంచడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఎస్తేరు వాటన్నిటినీ మొదటి నుంచి మళ్ళీ టైపు చేయించింది.

కమలాకర్ మరో రెండు విశ్వవిద్యాలయాల్లో ఇంటర్వ్యూలకు వెళ్ళాడు. రెండు చోట్లా అతని తెలివిని మెచ్చుకున్నారు. రెండు చోట్లా ఒకే ప్రశ్న అడిగారు: "ఇది మీరు చదివిందా, అనుకున్నదా?" ఏ జవాబు చెప్పినా వాళ్ళకు నమ్మకం కలగలేదు.

తెలియని చోట తెలియదని ఖాళీ వదిలినవాడికి పోయేది ఆ ఖాళీ ఒక్కటే. దాన్ని ఊహతో నింపినవాడు తనకు నిజంగా తెలిసినదాన్ని కూడా ఎవరూ నమ్మకుండా చేసుకుంటాడు.