స్నానాలగది అద్దానికి ఆవిరి పట్టిన కథ

ఒకప్పుడు ఆవిరికి ఆగడమంటే తెలియదు. నీళ్ళు కాగాయంటే చాలు, దారిలో ఎవరు పలకరించినా వినిపించుకోకుండా ఆకాశానికి పరుగే పరుగు. కిటికీ అద్దం సంగతి మరీనూ. ఎవరున్నా లేకపోయినా, వేళాపాళా లేకుండా లోపలిదంతా బయటకు చూపిస్తూనే ఉండేది.

ఆ రోజుల్లో సింహాద్రి అని ఒక వడ్రంగి ఉండేవాడు. అద్దాల బీరువాలు చెయ్యడంలో అంతటివాడు లేడు. అతని పెళ్ళాం వరహాలు పాపం చీకటి స్నానాలగదిలో తేళ్ళకు భయపడుతూ, నాలుగు చెంబులు గుమ్మరించుకుని బయటపడేది. అది చూడలేక ఒకనాడు సింహాద్రి గోడకు కన్నం కొట్టి, ఇంత పెద్ద అద్దం బిగించాడు.

"లోపల సామాను బాగా కనబడాల కదా మరి!" అన్నాడు మురిసిపోతూ. బీరువాలు చేసిన బుర్ర, అంతకన్నా ఏం ఆలోచిస్తుంది?

వరహాలుకు ఆ వెలుగు ఎంత నచ్చిందో! అత్త పిలుపులూ పిల్లల పేచీలూ లేని చోటు ఇంట్లో అదొక్కటే. కుంకుడుకాయలు కొట్టుకుని, మూలనున్న రాగి కాగు కింద మంట పెట్టి, తలంటుకు కూర్చుంది. జుట్టు తడిపిందో లేదో, బయట మునగకొమ్మ మీంచి కాకి అందుకుంది.

"కావ్! వరహాలమ్మ వీపు మీద పుట్టుమచ్చహో! కందిగింజంతహో!"

"ఏదీ, ఏదీ? నన్నూ చూడనీ!" అంటూ ఉడత కిందికి దిగింది. మేక గోడకు కాళ్ళు తన్నిపెట్టి తొంగిచూసింది. కోడిపుంజు ఆ కబురు వీధంతా కూసి వచ్చింది. వరహాలుకు తల కొట్టేసినట్టయింది. చీర చుట్టుకుని బయటికొచ్చి బావురుమంది.

"దానికేటి, ఇటుకలు తెచ్చి ఇప్పుడే మూసేస్తాన్లేవే" అన్నాడు సింహాద్రి.

అమ్మో, మళ్ళీ ఆ చీకట్లోకా! అతను అటు వెళ్ళగానే వరహాలు అద్దం దగ్గరకు పరిగెత్తింది.

"తల్లీ, నేను నీళ్ళు పోసుకున్నంతసేపూ కళ్ళు మూసుకోకూడదూ?"

"నాకు రెప్పలెక్కడివమ్మా?" అంది అద్దం దిగులుగా. "ఎవరైనా ముసుగు కప్పాలి గానీ."

గుడ్డ కప్పితే మళ్ళీ చీకటే. ఏం చెయ్యాలా అని చూస్తుంటే, కాగులోంచి ఆవిరి రొప్పుకుంటూ లేచింది.

"ఆవిరమ్మా, ఒక్క క్షణం ఆగవే!"

"నాకు తీరికేదీ? పైన మబ్బుల్లో బోలెడు పని. దానికితోడు ఒళ్ళంతా ఒకటే ఉడుకు!"

వరహాలు అద్దం మీద అరచెయ్యి ఆనించి చూసింది. "ఉడుకంటున్నావు కదా, ఇక్కడ కూర్చుని చూడు. కడవలో నీళ్ళలా ఎంత చల్లగా ఉందో!"

ఆవిరి అనుమానంగా ఒక మూలకు ఆనుకుంది. "అబ్బ!" అంది. ఇంకాస్త జరిగింది. "అబ్బబ్బ, ప్రాణం లేచొచ్చింది!" అంటూ అద్దమంతా పరుచుకుని చతికిలబడింది. పుట్టింది మొదలు దాన్ని కూర్చోమన్నవాళ్ళే లేరు మరి.

అద్దం పాలరంగుకు తిరిగింది. వెలుగు లోపలికి వస్తూనే ఉంది, బయటివాళ్ళ చూపు మాత్రం రావడం లేదు. వరహాలు గబగబా చెంబు అందుకుంది.

"ఏయ్, ఎవరక్కడ? తప్పుకో!" అని కాకి ముక్కుతో టకటకా కొట్టింది.

"తప్పుకోను ఫో!" అంది ఆవిరి.

అంతలో సింహాద్రి ఇటుకల తట్టతో వచ్చాడు. అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. ఏమీ కనబడలేదు.

"ఇదేటే, సున్నం పూసేసినావా?"

"తట్ట దించేయ్ మావా," చెంబు చప్పుడుతో పాటు లోపల్నుంచి వరహాలు గొంతు వినిపించింది. "నాకింకా సగం కాగు నీళ్ళున్నాయి!"

ఆ సగం కాగూ తీరుబడిగా పోసుకుంది వరహాలు. జుట్టు తుడుచుకుని తలుపు తీసి, "ఇక వెళ్ళవే, మబ్బులు నీకోసం చూస్తుంటాయి. నీళ్ళు కాచినప్పుడు మళ్ళీ వస్తావు కదూ?" అని అడిగింది.

"రాకుండా ఉంటానా? నీకు ముసుగు, నాకు చలవ" అంటూ ఆవిరి బద్ధకంగా లేచింది.

అప్పటినుంచే, ఎవరు వేడినీళ్ళ స్నానానికి కూర్చున్నా ఆవిరి వచ్చి కిటికీ అద్దం మీద కూర్చుంటుంది. తలుపు తీశాక మెల్లగా లేచిపోతుంది. ఆ కాసేపూ లోపలున్న మనిషి ఎవరికీ కనబడక్కర్లేదు.