ఐదున్నర శ్రుతి

"దావీదన్నా, నేర్చుకోవడానికే నీ పద్యాలు రికార్డు చేసుకుంటున్నాను. నిన్ను అడగకుండా, నీ పేరు చెప్పకుండా ఎవరికీ వినిపించను" అని మాటిచ్చిన వీరరాఘవులు, పక్కవాడికి చప్పట్లు పడితే ఓర్చుకోలేని రేపల్లె నటుడు.

వాళ్ల సమాజం ఆడే పద్యనాటకంలో రాజు ఒకడే, వేషగాళ్లు ఇద్దరు. మొదటి అంకంలో రాఘవులు, రెండో అంకంలో దావీదు. దావీదు రాగం ఎత్తుకుంటే జనం "వన్స్‌మోర్!" అని అరిచేవారు. తెర వెనక రాఘవులు తన పెట్టుడు మీసం పీకేవాడు, మళ్లీ అంటించుకునేవాడు, మళ్లీ పీకేవాడు. ఆ అరుపు తనకోసం ఒక్కసారీ వినబడలేదు.

చివరికి దావీదు పద్యాలను రాఘవులు యూట్యూబులో పెట్టాడు. బొమ్మ తనది, పేరు తనది. వేలమంది విన్నారు.

"తమ్ముడూ, అది నా గొంతు కదా?" అన్నాడు దావీదు.

"ఇద్దరిదీ ఒకే రాజు వేషం కదన్నా! కళకి యజమాని ఉంటాడా?"

"మరి నీ పేరెందుకు పెట్టావు?"

రాఘవులు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రికార్డు విని నరసన్నపేటవాళ్లు రెండంకాలకూ రాఘవుల్నే పిలిచారు. దావీదుకు అక్కడ వేషం లేకుండా పోయింది. రాఘవులు పొంగిపోయాడు.

తెర లేచేముందు హార్మోనిస్టు, దావీదు గొంతుకే అందేంత ఎత్తైన ఐదున్నర శ్రుతి పట్టాడు.

"నాలుగు చాలండీ" అని గొణిగాడు రాఘవులు.

"అదేంటండీ! రికార్డులో మీది ఐదున్నరే కదా. జనం వచ్చింది దానికే."

కాదంటే గుట్టు బయటపడుతుంది. అవునంటే గొంతు లేదు. రాఘవులు తలూపాడు. మొదటి రాగానికే గొంతు చీలిపోయింది. రెండో పద్యానికి దగ్గొచ్చింది. ముందు వరసలో ఒక ముసలామె లేచింది.

"బాబూ, నువ్వు కూకో. ఆ రికార్డులో పాడినోడేడి? ఆడ్ని పంపించు!"

పందిరంతా ఆ మాటే అందుకుంది. కిరీటంతోనే రాఘవులు వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. ఆ తర్వాత అతనికి మొదటి అంకం కూడా ఎవరూ ఇవ్వలేదు.

దున్నేవాడిదే భూమి అయినప్పుడు పాడినవాడిదే పాట. అసూయతో పరుల కళను కాజేసినవాడికి తన సొంత కళ కూడా మిగలదు. ఇదీ నీతి. ఆ రికార్డు మీద మాత్రం ఇవాళ్టికీ నీ పేరే ఉంది, రాఘవులూ. ఈ కథనే నోటీసు అనుకుని, దావీదు పేరు ఎప్పుడు పెడతావో ఏప్రిల్ పదో తేదీలోగా జవాబు చెప్పు.