గవరయ్య ఎర్రాకు చెట్టు

అనగనగనగా, మంచు పడే కొండ మీద ఒక ఊళ్ళో, గవరయ్య అని ఒక ముసలాయన ఉండేవాడు. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే చతికిలబడుతుంది, తర్వాత నన్నడక్కు.

గవరయ్యకి ఒక కూతురు. పేరు సన్నాసమ్మ. నవ్వకు! ఇప్పుడు నవ్వితే నిద్ర ఎగిరిపోతుంది. పిల్లలు బతికి బట్టకట్టాలని అప్పట్లో అలాంటి పేర్లే పెట్టేవాళ్ళు.

గవరయ్య పెళ్ళాం పైడమ్మ. ఆవిడ ఈ కథ మొదలవడానికి ముందటి చలికాలంలోనే చనిపోయింది. ఆవిడది అంటు కట్టే చెయ్యి. అంటు కట్టడమంటే ఏంటంటావా? ఒక మొక్క తల కోసేసి, ఆ మొండానికి గాటు పెట్టి, ఇంకో చెట్టు రెమ్మ అందులో దూర్చి, కదలకుండా కట్టెయ్యడం. కింద వేరు ఒకరిది, పైన ఆకు ఒకరిది. కొన్నాళ్ళకి రెండూ కలిసిపోయి ఒకటే చెట్టవుతాయి.

వాళ్ళ గుమ్మం ముందు ఒక ఎర్రాకు చెట్టు ఉండేది. జపాను దేశం చెట్టుట, మేపుల్ అంటారుట. పైడమ్మ దొరల బంగళా తోటలో పనిచేసిన రోజుల్లో ఒక రెమ్మ అడిగి తెచ్చుకుని కట్టింది. ఆకు అచ్చం నీ అరచెయ్యే, ఐదు వేళ్ళతో సహా. చిగురు నుంచీ ఎరుపే. తర్వాత బంగళా చెట్టు పోయింది. కొండ మొత్తానికీ పైడమ్మ చెట్టు ఒక్కటే మిగిలింది.

ఆవిడ పోయిన వెనకే చెట్టుకి వేరుకుళ్ళు పట్టింది. కొమ్మ తర్వాత కొమ్మ ఎండుతూ వచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి ప్రాణంతో మిగిలినవి మూడే మూడు రెమ్మలు.

గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, గవరయ్య కళ్ళకి నీటికాసులొచ్చాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా కార్తీకం దాటి నిలవదు అన్నారు ఆసుపత్రిలో. ఆ ఉన్న చూపుతోనే పైడమ్మ చెట్టు మళ్ళీ ఎర్రగా చిగిర్చడం చూడాలి. ఆయనకింక వేరే కోరికే లేదు.

అప్పుడు గవరయ్య కొండ దిగి వెళ్ళి మూడు పచ్చాకు మొక్కలు తెచ్చి కుండీల్లో పెట్టుకున్నాడు. అవీ ఆ జాతివే, వేళ్ళు మొండివి, కుళ్ళుకి లొంగవు. వాటి తలలు కోసేసి పైన ఎర్ర రెమ్మ కడతారు. ఎప్పుడూ కోసెయ్యడమే కానీ, ఆ పచ్చమొక్కని దాని మానాన వదిలేస్తే ఏమవుతుందో ఆ కొండ మీద ఎవరూ చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకో.

అంటు కట్టేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. అంటు కట్టిన మనిషి దాన్ని కాపలా కాయకూడదు. కట్టిన మనిషికి ఆత్రం ఎక్కువ కదా. చెమ్మ ఆరిపోకుండా రెమ్మకి ప్లాస్టిక్ కవరు తొడిగి నెల్లాళ్ళు నీడన ఉంచాలి. ఆకులు తుంచేసి కాడలు మాత్రం ఉంచుతారు. కాడ తనంతట తాను రాలితే అంటు పట్టినట్టు. ఎండి కరుచుకుపోతే పోయినట్టు.

వైశాఖంలో గవరయ్య మొదటి అంటు కట్టాడు. నీళ్ళ కుండ పక్కన చల్లగా పెట్టాడు.

"అయ్యా, కాపలా నాకొగ్గేయ్," అంది సన్నాసమ్మ.

"నా కళ్ళుండగా నీకెందుకే," అన్నాడు.

రోజూ తెల్లారగానే కవరు ఎత్తి చూసేవాడు. మధ్యాహ్నం మళ్ళీ ఎత్తేవాడు. పన్నెండో రోజుకి రెమ్మ వడిలి నల్లబడింది. మనిషికి ఆశ అంత చెడ్డది.

ఆ తర్వాత జ్యేష్ఠంలో రెండోది కట్టాడు. ఈసారి బుద్ధిగా కవరు ముట్టుకోలేదు. మూడు వారాలకి అంటు కట్టిన ముడి కింద, మొండానికి, పచ్చగా చిగురొచ్చింది. అది మంచిది కాదు. గోటితో గిల్లెయ్యాలి. లేకపోతే వేరు పంపే సత్తువంతా అదే తాగేసి పై రెమ్మని మాడ్చేస్తుంది.

"గిల్లేద్దుమా అయ్యా?" అని అడిగింది సన్నాసమ్మ.

"ఈ ఇంట్లో బతికి వచ్చింది అదొక్కటే. నాను తుంచలేనే," అన్నాడు గవరయ్య.

పచ్చ చిగురు జానెడు పెరిగింది. పైన ఎర్ర రెమ్మ పుల్లైపోయింది. అప్పుడు ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చి, మొక్కని వేళ్ళతో సహా పీకి పెంట మీద పారేశాడు. జాలి పడిందీ ఆయనే, పీకిందీ ఆయనే. ఏం చెప్తాం.

ఆషాఢం వచ్చింది. ముసురు పట్టింది. గవరయ్యకి చూపు పూర్తిగా పోయింది, కార్తీకం దాకా కూడా ఆగలేదు. మూడో అంటు తడుముకుంటూ కట్టాడు. సన్నాసమ్మ కత్తి అందించింది. కట్టడం అయ్యాక కుండీ ఆమె చేతుల్లో పెట్టాడు.

"కాపలా నువ్వే. నాకేటీ సెప్పకు. నెల దాటాక తే," అన్నాడు.

సన్నాసమ్మ ఒక్క పొరపాటు చెయ్యలేదు. నీడన ఉంచింది. కవరు ఎత్తలేదు. కింది చిగుళ్ళు వచ్చినవి వచ్చినట్టు గిల్లేసింది. కానీ చచ్చిపోతున్న చెట్టు నుంచి తీసిన రెమ్మ కదా, దానిలో ఓపిక లేదు. కాడ ఎండి కరుచుకుపోయింది. ఒక్కోసారి అంతా సరిగ్గా చేసినా అంతే, కన్నా. ఆ వారమే వానకి గుమ్మం ముందు పెద్దచెట్టు కూడా పడిపోయింది.

సన్నాసమ్మ పెరట్లో కూర్చుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి చూస్తే ముడి కింద ఇంకో పచ్చ చిగురు. దాని మీద గోరు పెట్టింది. పెట్టి ఆగిపోయింది. ఎండిన ఎర్ర పుల్లని ముడి దగ్గరికి కోసేసి, ఆ చిగురుని ఉంచేసింది.

నెల దాటాక కుండీ తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది.

"పట్టిందేటే?"

"పట్టిందయ్యా."

గవరయ్య మట్టి దగ్గర నుంచి పైకి తడుముకుంటూ వచ్చాడు. ముడి ఇంకా రానేలేదు, వేళ్ళకి ఆకు తగిలింది. అక్కడే ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్ళు పైడమ్మ అంటు కడుతుంటే పక్కనుండి సాయం పట్టిన వేళ్ళవి. వాటికి తెలీదా?

"ఎలగున్నాదే?" అన్నాడు.

"ఎర్రగున్నాదయ్యా."

ఆ ఆకుని ఇంకోసారి నిమిరాడు. "మరి మీ యమ్మ సెట్టు కదేటి," అన్నాడు చివరికి.

ఆ తర్వాత వచ్చిన వాళ్ళనల్లా అడిగేవాడు, మా సెట్టు ఎర్రగున్నాదా అని. సన్నాసమ్మ ముందే అందర్నీ బతిమాలుకుంది. పాలు పోసేవాడు ఎరుపే అన్నాడు. ఉప్పు అమ్ముకునే ఆవిడ ఎరుపే అంది. జన్మలో అబద్ధమాడని పూజారి గారు కూడా, దేవుడి వైపు చూడకుండా, ఎరుపే నాయనా అన్నారు.

అబద్ధం తప్పు కాదా అంటావు. తప్పే. నువ్వు పాలు తాగానని గిన్నె మొక్కల్లో ఒంపేశావు చూడు, అదీ తప్పే. రెండింటికీ తేడా ఉంది కానీ నాకు చెప్పడం రాదు.

అప్పుడు పుష్యమాసం వచ్చింది. కొండ మీద గడ్డి తెల్లబడేంత మంచు. ఒకరోజు పొద్దున్నే సన్నాసమ్మ తలుపు తీసింది. కుండీలో చెట్టు ఎర్రగా ఉంది. కొస ఆకు నుంచి అడుగాకు దాకా ఎరుపు. పచ్చాకు జాతికి చలి ముదిరితే ఎర్రబడే గుణం ఉందిట. తలలు కోసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

"అయ్యా!" అని కేకేస్తూ లోపలికి పరిగెత్తింది.

"ఏటే?"

చెట్టు ఎర్రబడింది అనబోయింది. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అలా అంటే నిన్నటి దాకా పచ్చగా ఉందని ఒప్పుకున్నట్టే కదా.

"సెట్టు ఎర్రగున్నాదయ్యా," అంది.

"ఎప్పుడూ ఎరుపే కదే," అన్నాడు గవరయ్య.

ఒక ఆకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నిజంగా ఎర్రగున్నాదయ్యా, నిజంగా," అంటూ ఏడ్చేసింది. అబద్ధం మొయ్యలేక ఏడుస్తోంది పాపం అనుకున్నాడు ఆయన. కూతుర్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాడు.

"ఊరుకోయే, ఊరుకో. నాకు కనిపిస్తన్నాదిలే," అన్నాడు.

మూడు రోజుల్లో ఆకులన్నీ రాలిపోయాయి. సన్నాసమ్మ వాటిని చిమ్మలేదు.

ఆకు రాలె మంచుకి,
కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మనం చేరాం ఇంటికి.